హత్యకేసులో సాక్షి విశ్వసనీయత: ఇస్లామీయ న్యాయశాస్త్ర దృక్పథం

హత్య జరిగినప్పుడు న్యాయస్థానం ముందు రెండు హక్కులు ఎదురెదురుగా నిలుస్తాయి. మొదటిది చనిపోయినవాని రక్తానికి సంబంధించిన హక్కు. దానిని అతని వారసులు కోరుతారు. రెండవది నేరం మోపబడినవాని ప్రాణానికి సంబంధించిన హక్కు. ఈ రెంటి మధ్య తీర్పు చెప్పవలసిన న్యాయమూర్తి హత్యను కళ్ళారా చూసినవాడు కాడు. చూశానని చెప్పే మనిషి మాటే ఆయనకు ఆధారం. కనుక హత్యకేసులో ప్రధాన ప్రశ్న "హంతకుడెవరు?" అన్నదైనా, దానికంటే ముందుగా తేలవలసిన ప్రశ్న మరొకటి ఉంది. ఈ సాక్షిని నమ్మవచ్చునా?

ఈ ప్రశ్న వేయవలసింది ఎవరు? ముద్దాయి తరఫు వకీలు వేస్తాడు, అది అతని వృత్తిధర్మం అని సాధారణంగా అనుకుంటారు. ముద్దాయి నోరు మెదపకపోతే, లేదా అతనికి సమర్థుడైన వకీలు లేకపోతే సాక్షి మాట నిలిచిపోవలసిందేనా? ఇస్లామీయ ధర్మశాస్త్రజ్ఞులు ఈ విషయాన్ని వందల ఏళ్ళ క్రితమే చర్చించారు. వారు చేరిన నిర్ణయం నేటి న్యాయవిచారణకు కూడా ఉపకరించేదిగా ఉన్నందున దానిని వివరంగా పరిశీలించవలసి ఉంది.

సాక్ష్యమూ, పరిశీలనా

దివ్య ఖుర్ఆన్ సాక్ష్యం విషయంలో రెండు బాధ్యతలను పక్కపక్కనే ఉంచింది. సాక్ష్యాన్ని దాచిపెట్టరాదని 2వ సూరా 283వ ఆయతు ఆదేశిస్తున్నది. తనకు, తల్లిదండ్రులకు, బంధువులకు వ్యతిరేకమైనా న్యాయంపై నిలబడి సాక్ష్యమివ్వవలసిందని 4వ సూరా 135వ ఆయతు, ఒక జాతిపై గల ద్వేషం న్యాయం తప్పడానికి కారణం కారాదని 5వ సూరా 8వ ఆయతు చెబుతున్నాయి. ఇవి సాక్షికి సంబంధించిన ఆదేశాలు. సాక్ష్యాన్ని స్వీకరించేవారికి వేరే ఆదేశముంది. దుర్మార్గుడెవరైనా వార్త తెస్తే నిజానిజాలు విచారించుకోవాలని, లేకుంటే తెలియక ఒక జనసమూహానికి హాని చేసి తరువాత పశ్చాత్తాపపడవలసి వస్తుందని 49వ సూరా 6వ ఆయతు హెచ్చరిస్తున్నది. చూసినవాడు చెప్పి తీరాలి. విన్నవాడు పరిశీలించి తీరాలి. ఈ రెండింటిలో ఏది లోపించినా న్యాయం కుంటుపడుతుంది.

మనుషుల వాదనలను బట్టే వారు కోరింది ఇచ్చివేస్తే, కొందరు ఇతరుల ప్రాణాలపైన, ఆస్తులపైన కూడా హక్కు చెప్పుకొంటారన్న భావం గల హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. ఈ సూత్రాన్ని ఆచరణలో చూపే ఒక హత్యోదంతం కూడా హదీసు గ్రంథాలలో ప్రసిద్ధంగా ఉంది. ఖైబర్‌లో అబ్దుల్లా బిన్ సహల్ (రజి) హత్యకు గురై కనిపించారు. ఆయన బంధువులు దైవప్రవక్త (సల్లం) సన్నిధికి వచ్చి అక్కడి యూదులే చంపారని ఆరోపించారు. మీలో 50 మంది ప్రమాణం చేస్తారా అని దైవప్రవక్త (సల్లం) అడిగారు. తాము చూడనిదానికి ఎలా ప్రమాణం చేయగలమని వారన్నారు. అలాగైతే ఎదుటి పక్షంవారు 50 ప్రమాణాలతో తమ నిర్దోషిత్వం చెప్పుకొంటారన్నప్పుడు, వారి ప్రమాణాలను తాము నమ్మలేమన్నారు. చివరకు దైవప్రవక్త (సల్లం) స్వయంగా 100 ఒంటెలను రక్తపరిహారంగా చెల్లించారు.

ఈ సంఘటన నుంచి ఫకీహులు "ఖసామత్" అనే ప్రమాణ విధానాన్ని గ్రహించారు. దాని వివరాలలో మజ్హబుల మధ్య భేదాలున్నాయి. అయితే మన చర్చకు కావలసిన అంశం ఒక్కటే. బంధువుల దుఃఖం నిజమైనది, వారి అనుమానానికి కారణమూ ఉంది. అయినా అనుమానం సాక్ష్యంగా మారలేదు. అదే సమయంలో చనిపోయినవాని రక్తం విలువలేనిదిగా వదిలివేయబడనూ లేదు.

సాక్షి ఎటువంటివాడై ఉండాలి?

సాక్షికి ఉండవలసిన ప్రధాన గుణాన్ని "అదాలత్" అంటారు. పెద్ద పాపాలకు దూరంగా ఉండి, చిన్న తప్పులను అలవాటు చేసుకోక, నలుగురిలో నమ్మదగినవాడుగా మెలగడం అని దీని భావం. ఇటువంటి వ్యక్తిని "ఆదిల్" అంటారు. తలాఖ్ ప్రస్తావన వచ్చే 65వ సూరా 2వ ఆయతులో న్యాయవర్తనులైన ఇద్దరిని సాక్షులుగా పెట్టుకోవాలన్న నియమం ఉంది.

ఒకడు ఆదిల్ అని తెలిసేదెలా? హజ్రత్ ఉమర్ (రజి) ముందు ఒక వ్యక్తి సాక్ష్యమిచ్చినప్పుడు జరిగినదిగా ఒక ఉదంతం చెబుతారు. "నిన్ను నేనెరుగను, నిన్నెరిగినవారిని తీసుకురా" అని ఆయన అన్నారట. ఒకాయన లేచి తనకు తెలుసునన్నాడు. నువ్వు అతని పొరుగువాడవా, అతని రాకపోకలు చూసినవాడవా అని హజ్రత్ ఉమర్ అడిగారు. కాదన్నాడు. దీనార్లు, దిర్హంల వ్యవహారం అతనితో చేశావా అంటే లేదన్నాడు. ప్రయాణంలో తోడు వెళ్ళావా అంటే అదీ లేదన్నాడు. అలాగైతే అతను నీకు తెలియదని హజ్రత్ ఉమర్ (రజి) తేల్చారు. ఒక మనిషి మసీదులో నమాజు చేస్తుండగా చూడడం అతనిని ఎరగడం కాదు. పొరుగు, పైకం, ప్రయాణం అనే మూడు చోట్ల మనిషి స్వభావం బయటపడుతుంది. ఎరుగుదునని చెప్పేవాని ఎరుకను కూడా పరీక్షించాలన్నది ఈ ఉదంతం నేర్పే పాఠం.

ఇమామ్ అబూ హనీఫా నిర్ణయం

ఇక్కడ హనఫీ ధర్మశాస్త్రంలో ఒక ముఖ్యమైన భేదాభిప్రాయం ఉంది. ఇమామ్ అబూ హనీఫా (మరణం క్రీ.శ. 767) అభిప్రాయంలో ముస్లిం పైకి సత్ప్రవర్తనతో కనిపిస్తే ఖాజీకి అది చాలు. ఎదుటి పక్షం ఆక్షేపించినప్పుడే లోతైన విచారణ అవసరమవుతుంది. అయితే ఈ నియమానికి ఆయన మినహాయింపు చేశారు. హుదూద్ శిక్షలలోనూ, ఖిసాస్ అంటే ప్రాణానికి ప్రాణం తీసే కేసులలోనూ ఎవరూ ఆక్షేపించకపోయినా సాక్షి స్థితిగతులను ఖాజీ విచారించి తీరాలన్నారు. ఆయన శిష్యులైన ఇమామ్ అబూ యూసుఫ్ (మరణం 798), ఇమామ్ ముహమ్మద్ (మరణం 805) ఇంకా ముందుకు వెళ్ళి, అన్ని రకాల కేసులలోనూ ఈ విచారణ జరగవలసిందేనన్నారు. ఇది కాలభేదం వల్ల వచ్చిన తేడాయే గాని ఆధారభేదం కాదని తరువాతి పండితులు వివరించారు. ప్రజల నడవడి మారిన కొద్దీ శిష్యుల అభిప్రాయమే తీర్పులకు ఆధారమైంది.

ఈ చర్చను ఇమామ్ మర్గీనానీ (మరణం 1197) తన హిదాయా గ్రంథంలో పొందుపరిచారు. ధనసంబంధమైన వ్యాజ్యంలో గురువుకు, శిష్యులకు భేదమున్నా, మనిషి ప్రాణం పోయే కేసులో వారి మధ్య భేదమే లేదు. అక్కడ సాక్షిని శంకించి చూడడం ముద్దాయి దయమీద ఆధారపడిన విషయం కాదు. అది న్యాయస్థానం మీద ఉన్న విధి. హుదూద్, ఖిసాస్ శిక్షలు సందేహం మిగిలితే తొలగిపోతాయి గనుక, సందేహానికి తావున్నదో లేదో కడవరకు వెతకవలసిన భారం శిక్ష విధించేవానిదేనన్నది వారి తర్కం.

రహస్య విచారణ, బహిరంగ విచారణ

ఈ విచారణకు "తజ్కియా" అని పేరు. అది రెండు దశలలో సాగేది. మొదటిది రహస్యమైనది. సాక్షి పేరు, వంశం, ఆకారపు గుర్తులు, అతను నమాజు చేసే మసీదు రాసిన కాగితాన్ని ఖాజీ గుట్టుగా "ముజక్కీ" అనే విచారణకర్తకు పంపేవాడు. ముజక్కీ వివరాలు తెలుసుకొని, సమాధానం రాసి తిప్పి పంపేవాడు. విషయం బయటపడితే ముజక్కీని ప్రలోభపెట్టడమో, బెదిరించడమో జరుగుతుంది గనుక ఈ గోప్యత అవసరమైంది. రెండవ దశలో ముజక్కీని, సాక్షిని ఒకేచోట నిలబెట్టి, తాను మంచివాడని చెప్పింది ఈ మనిషి గురించేనని రూఢి చేసుకొనేవారు. ఒకరి మంచిపేరు మరొకరికి అంటకుండా ఉండేందుకే ఈ జాగ్రత్త. బహిరంగ విచారణ కలతలకు, కక్షలకు దారితీస్తుందని ఇమామ్ ముహమ్మద్ అభిప్రాయపడ్డారు. అందువల్ల తరువాతి కాలంలో రహస్య విచారణతోనే సరిపెట్టుకోవడం వాడుకైంది. ముజక్కీ ఒక్కడు చాలని ఇమామ్ అబూ హనీఫా, ఇమామ్ అబూ యూసుఫ్ అనగా, ఇద్దరు కావాలని ఇమామ్ ముహమ్మద్ అన్నారు.

సాక్షిని శంకించాలన్నంత మాత్రాన అతని పరువు తీయడానికి అనుమతి లభించినట్లు కాదు. సాక్షి దుర్మార్గుడంటూ ఊరకే చేసే నిందను (జర్హె ముజర్రద్) హనఫీ ఖాజీ బహిరంగంగా వినడు. అది ఇతరుల లోపాలను బయటపెట్టడమే అవుతుంది గాని వ్యాజ్యానికి పనికిరాదు. అయితే వాది తన సొమ్ము నుంచి ఇంత పైకం ఇచ్చి ఈ సాక్షులను కొన్నాడని ప్రతివాది ఆరోపించి రుజువు తెస్తే వినాలి, ఎందుకంటే అందులో ఒక హక్కు ఇమిడి ఉంది. షాఫయీ పండితులు కూడా నింద చేసేవాడు కారణం విప్పి చెప్పాలని షరతు పెట్టారు. ప్రశ్న వేయడానికి, అవమానించడానికి మధ్య గీత గీయడం దీని ఉద్దేశం.

మాటను పరీక్షించడం

మనిషి మంచివాడైనంత మాత్రాన అతని మాట సరైనదని చెప్పలేము. మంచివాడు కూడా పొరబడవచ్చు, చీకటిలో ఒకరిని చూసి మరొకరనుకోవచ్చు. అందుచేత హనఫీ గ్రంథాలలో హత్య సాక్ష్యానికి ప్రత్యేకమైన నియమాలున్నాయి. హత్య జరిగిన రోజు గురించి గాని, ఊరు గురించి గాని, ఆయుధం గురించి గాని ఇద్దరు సాక్షుల మాటలు కలవకపోతే ఆ సాక్ష్యం చెల్లదు. ఒకడు కర్రతో చంపాడని, రెండవవాడు దేనితో చంపాడో తెలియదని చెప్పినా చెల్లదు. ఇద్దరూ చంపడం చూశామని, ఆయుధమేదో తెలియదని చెబితే మాత్రం ప్రాణం తీయరు; రక్తపరిహారం విధిస్తారు. ఒక జట్టు సాక్షులు ఫలానావాడిని బక్రీదు రోజున మక్కాలో చంపాడని, మరో జట్టు అదే రోజున అదే వ్యక్తిని కూఫాలో చంపాడని ఖాజీ ముందు ఒకేసారి చెబితే రెండు జట్ల సాక్ష్యాన్నీ తోసివేయాలి. రెంటిలో ఒకటి అబద్ధమన్నది నిశ్చయం; ఏది అబద్ధమో చెప్పడానికి ఆధారం లేదు.

ఇటువంటి వైరుధ్యం బయటపడాలంటే సాక్షులను విడివిడిగా ప్రశ్నించాలి. ఇబ్ను ఖయ్యిమ్ (మరణం 1350) తన "అత్తురుఖుల్ హుకమియ్య" గ్రంథంలో హజ్రత్ అలీ (రజి) గురించి చెప్పిన కథనం ఇందుకు నిదర్శనం. ఒక యువకుని తండ్రి కొందరితో కలిసి ప్రయాణం వెళ్ళాడు. వారు తిరిగి వచ్చారు గాని అతను రాలేదు. చనిపోయాడని, సొమ్మేమీ మిగల్చలేదని వారు చెప్పారు. ఖాజీ షురైహ్ వారి చేత ప్రమాణం చేయించి వదిలిపెట్టారు. యువకుడు హజ్రత్ అలీ (రజి)ని ఆశ్రయించాడు. ఆయన వారిని ఒకరి మాట మరొకరికి వినపడకుండా వేరుచేసి, లేఖరిని కూర్చోబెట్టి ఒక్కొక్కరినే పిలిచారు. ఏ రోజున బయలుదేరారు, ఎక్కడ దిగారు, అతను ఎలా చనిపోయాడు, స్నానం చేయించిందెవరు, ఖననం చేసిందెక్కడ అని వివరాలు అడిగారు. మొదటివాని విచారణ ముగియగానే ఆయన బిగ్గరగా తక్బీర్ పలికారు. తమ తోటివాడు ఒప్పుకొన్నాడని మిగిలినవారు భావించారు. ఆ తరువాత వచ్చినవారు ఒకరి వెంట ఒకరు హత్యను అంగీకరించారు. వారిని ఆ ధనానికి, ఆ రక్తానికి బాధ్యులను చేశారు.

వీరు నిందితులే గాని సాక్షులు కారన్నది నిజమే. తక్బీర్ పలికి భ్రమ కల్పించిన పద్ధతిని నేటి న్యాయస్థానం యథాతథంగా అనుసరించజాలదు. కాని కట్టుకథ అల్లేవారు ముఖ్య విషయాన్ని ముందుగా కూడబలుక్కోగలరే గాని చిన్న చిన్న వివరాలన్నింటినీ కూడబలుక్కోలేరన్న ఎరుక అందులో ఉంది.

తప్పుడు సాక్ష్యానికి మూల్యం

హజ్రత్ అలీ (రజి)కే సంబంధించిన మరొక ఉదంతం బుఖారీ గ్రంథంలో ఉంది. ఇద్దరు వచ్చి ఒకడు దొంగతనం చేశాడని సాక్ష్యమివ్వగా అతని చేయి తీయబడింది. తరువాత వారే మరొకడిని తీసుకువచ్చి తాము పొరబడ్డామని, దొంగ ఇతడేనని అన్నారు. హజ్రత్ అలీ (రజి) రెండవవానిపై వారి సాక్ష్యాన్ని తిరస్కరించి, మొదటివాని చేతికి పరిహారం వారిచేతనే కట్టించారు. తెలిసే ఇలా చేశారని తేలితే వారి చేతులే తీయించి ఉండేవాడినన్నారు.

హత్యకేసులో సాక్ష్యం వల్ల ఒకరి ప్రాణం పోయాక సాక్షులు తమ మాట వెనక్కు తీసుకుంటే ఏమి చేయాలి? బుద్ధిపూర్వకంగా అబద్ధమాడి ఉంటే వారికే ఖిసాస్ అని ఇమామ్ షాఫయీ అభిప్రాయం. వారు స్వయంగా చంపినవారు కారు, కారకులు మాత్రమే గనుక రక్తపరిహారం చెల్లించాలని హనఫీల అభిప్రాయం. రెండు అభిప్రాయాలలోనూ సాక్షి మాట విలువ ఒక ప్రాణం విలువతోనే తూచబడింది.

మన దేశంలో

ఈ న్యాయశాస్త్రం గ్రంథాలకే పరిమితమైనది కాదు. ఔరంగజేబు కాలంలో కూర్చిన ఫతావాయె ఆలంగీరీలో ఇది వివరంగా చేరింది. ఈస్టిండియా కంపెనీ క్రిమినల్ కోర్టులలో కూడా, రెగ్యులేషన్ల ద్వారా అనేక మార్పులు పొందుతూ, 19వ శతాబ్ది మధ్య వరకు ఈ ధర్మశాస్త్రమే ఆధారంగా ఉండేది. కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసులోని ఫౌజ్‌దారీ అదాలత్ పరిధిలో ఉన్న కాలంలో అక్కడ ముఫ్తీలు ఫత్వాలు ఇచ్చేవారు. హిదాయా ఆంగ్లానువాదం 1791లో వెలువడింది కూడా ఈ అవసరం కోసమే. 1862లో భారత శిక్షాస్మృతి అమలులోకి రావడంతో ఆ అధ్యాయం ముగిసింది.

1872 నాటి సాక్ష్య చట్టం మార్గం వేరు. దాని స్థానంలో 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం కూడా చాలావరకు ఆ మార్గంలోనే సాగుతున్నది. ఇంతమంది సాక్షులుండాలన్న నియమం లేదు. సాక్షి ముందుగానే ఆదిల్ అని తేలనక్కరలేదు. అందరినీ విని, అడ్డుప్రశ్నలతో పరీక్షిస్తారు. సాక్షి విశ్వసనీయతను దెబ్బతీయడానికి చట్టం చూపే మార్గాలు మూడు: అతను నమ్మదగనివాడని ఎరిగినవారు చెప్పడం, లంచం పుచ్చుకొన్నాడని రుజువు చేయడం, ఇంతకుముందు ఇందుకు విరుద్ధంగా చెప్పాడని చూపడం. వీటిలో మొదటిది పాత తజ్కియాను, రెండవది హనఫీలు అనుమతించిన జర్హ్‌ను గుర్తుకు తెస్తాయి. అసభ్యమైన, కేవలం అవమానించడానికే ఉద్దేశించిన ప్రశ్నలను ఈ చట్టం కూడా నిషేధించింది.

సుప్రీంకోర్టు తీర్పులలో ఈ పరీక్ష స్వరూపం స్పష్టమవుతుంది. 1953లో పంజాబు నుంచి వచ్చిన హత్యకేసులో జస్టిస్ వివియన్ బోస్, దగ్గరి బంధువు అసలు హంతకుణ్ణి వదిలి అమాయకుణ్ణి ఇరికించడానికి సాధారణంగా ఇష్టపడడని, కనుక బంధుత్వం ఒక్కటే సాక్ష్యాన్ని తోసివేయడానికి కారణం కాదని వివరించారు. 1957లో మద్రాసు రాష్ట్రపు హత్యకేసులో సాక్షులను పూర్తిగా నమ్మదగినవారు, పూర్తిగా నమ్మదగనివారు, రెంటికీ మధ్యనున్నవారు అని మూడు తరగతులుగా విభజించి, మూడవ తరగతికే ఇతర ఆధారాల బలం కావాలన్నారు. 1956లో హైదరాబాదు రాష్ట్రం నుంచి వచ్చిన హత్యకేసులో, నేరాన్ని చూసి కూడా ఎవరికీ చెప్పక ఊరుకున్న సాక్షిని నేరంలో భాగస్వామిగా చూడరాదని, అయినా అతని మాటకు ఇతర ఆధారం వెతకాలని నిర్ణయించారు. భయపడినవాణ్ణి అబద్ధీకుడని అనలేము, అతని మౌనాన్ని పట్టించుకోకుండానూ ఉండలేము.

రెండు మార్గాల బలాబలాలు

పాత విధానం మనిషిని తూచడంలో శ్రద్ధ చూపితే, నేటి విధానం మాటను తూచడంలో శ్రద్ధ చూపుతున్నది. మొదటిదానిలో ఒక చిక్కుంది. అది వ్యక్తి సత్యసంధతతో పాటు అతను ఏ వర్గానికి చెందినవాడన్నది కూడా లెక్కలోకి తీసుకొన్నది. హుదూద్, ఖిసాస్ కేసులలో స్త్రీల సాక్ష్యాన్ని అత్యధిక ఫకీహులు అంగీకరించలేదు. అన్ని కేసులలోనూ అంగీకరించిన ఇబ్ను హజ్మ్ (మరణం 1064) వంటివారు అరుదు. ముస్లిం మీద ముస్లిమేతరుని సాక్ష్యం విషయంలోనూ ఇదే పరిస్థితి. స్త్రీలు మాత్రమే ఉన్న ఇంటిలో హత్య జరిగితే చూసినవారి మాట ఏమి కావాలన్న ప్రశ్న ఆధునిక పండితులను ఆలోచింపజేస్తున్నది. అంతేగాక, సాక్షుల మంచితనం ఒకసారి ధ్రువపడి నమోదు కావడం మొదలయ్యాక అనేక నగరాలలో "ఉదూల్" అనే వృత్తిసాక్షుల వర్గం ఏర్పడింది. విచారణ కోసం పుట్టిన ఏర్పాటు బిరుదుగా మారింది.

పాకిస్తాన్ అనుభవం కూడా గమనార్హం. 1990లో వచ్చిన ఖిసాస్, దియత్ చట్టం ప్రకారం ఖిసాస్‌గా మరణశిక్ష వేయాలంటే నేరాంగీకారమైనా ఉండాలి, తజ్కియాతో కూడిన సాక్ష్యమైనా ఉండాలి. ఆచరణలో కోర్టులు సాధారణ సాక్ష్యంతోనే "తాజీర్" పేరిట హత్యకు శిక్షలు విధిస్తూ వచ్చాయి. అందులోనూ మరణశిక్ష ఉంది. ఆ విధంగా ప్రాణాన్ని కాపాడవలసిన పరీక్ష పక్కకు తొలగిపోయి, శిక్ష మాత్రం మిగిలింది. 2019 మార్చి 4న ఆ దేశపు సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఆసిఫ్ సయీద్ ఖోసా ఒక హత్యకేసు సందర్భంలో, ముఖ్య విషయంలో అబద్ధమాడినట్లు తేలిన సాక్షి మాటను మొత్తంగా తోసివేయాలన్న సూత్రాన్ని పునరుద్ధరించారు. మన దేశపు న్యాయస్థానాలు ఈ సూత్రాన్ని అంగీకరించక, పొల్లు నుంచి గింజను వేరుచేసినట్లు సాక్ష్యంలోని నిజాన్ని ఏరుకోవాలంటున్నాయి. అబద్ధానికి భయం ఉండాలన్నది మొదటివారి ఆలోచన. ఒక అబద్ధం వల్ల నిజమైన హంతకుడు తప్పించుకోరాదన్నది రెండవవారి ఆలోచన. చనిపోయినవాని హక్కు, ముద్దాయి హక్కు ఇక్కడ కూడా ఎదురెదురుగానే ఉన్నాయి.

ఈ భేదాలన్నింటికీ అతీతంగా నిలిచేది ఇమామ్ అబూ హనీఫా చేసిన ఆ మినహాయింపే. ప్రాణం పోయే కేసులో ఎవరూ అడగకపోయినా న్యాయమూర్తి అడగాలి. నేటి చట్టం కూడా, నిజం తెలుసుకోవడానికి ఏ సాక్షినైనా ఏ ప్రశ్నైనా వేసే అధికారం న్యాయమూర్తికి ఇచ్చింది. ఇవాళ అది అధికారం. ఫకీహుల దృష్టిలో అది విధి. సమర్థుడైన వకీలును పెట్టుకోలేని పేద ముద్దాయి బోనులో నిలబడినప్పుడు ఈ రెండు మాటల మధ్యనున్న తేడా ఒక నిండు ప్రాణమంత ఉంటుంది.